బువాలియన్ చేతివల

జాడీల మైదానం గేటు దగ్గర మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టి అమ్మే బువాలియన్‌కి భయమన్నది లేదు. ధైర్యస్థురాలని చెప్పడం కాదు. ధైర్యమంటే లోపల వణుకు పుడుతున్నా పైకి నిబ్బరంగా నిలబడడం. ఆమెకు ఆ వణుకే లేదు. పొరుగింటి గాదెలో నాగుపాము దూరినప్పుడు మగవాళ్లంతా కర్రలు పట్టుకుని, నువ్వు వెళ్లంటే నువ్వు వెళ్లని వాకిట్లో వాదించుకుంటుంటే, ఆమె పొయ్యి దగ్గరి పట్టకారు తీసుకుని లోపలికి పోయింది. పామును మెడ దగ్గర పట్టి బయటికి తెచ్చి, "గుడ్ల మీదున్నట్టుంది పాపం, చూడండి" అంటూ అందరి మొహాల ముందూ తిప్పి చూపించింది. ఉల్లితోటలో పారకు యుద్ధం నాటి పాత బాంబు తగిలిన రోజున తక్కినవాళ్లు బురదలో బోర్లా పడుకున్నారు. బువాలియన్ మాత్రం "దీని మీద ఏదో రాసుందే" అని దాని మీదికి వంగింది.

భయం లేని మనిషికి ఆరా ఎక్కువ. ఊళ్లో ఏ ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో, ఏ కోడలు ఎందుకు అలిగిందో ఆమెకు తెలియకుండా ఉండేది కాదు. మైదానం చూడడానికి వచ్చే విదేశీయులనూ వదిలేది కాదు. "వయసెంత? పెళ్లయిందా? పిల్లలెందుకు లేరు? ఇంత దూరం పంపడానికి మీ అమ్మ ఎట్లా ఒప్పుకుంది?" అని తన భాషలోనే అడిగేది. వాళ్లకు ముక్క అర్థమయ్యేది కాదు. నవ్వి ఒక పొత్తు కొనుక్కుని లోపలికి వెళ్లేవాళ్లు.

లోపల గడ్డి మైదానం నిండా రాతి జాడీలు. మనిషి ఛాతీ ఎత్తు ఉన్నవి, అంతకు మించినవి, పక్కకు ఒరిగినవి, మధ్యలోంచి పైన్ చెట్టు మొలిచి పగిలినవి. అన్నీ ఆకాశం వైపు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. చలికాలంలో పొగమంచు పల్లంలోంచి పైకి పాకుతూ వచ్చి ముందు ఆ నోళ్లలోకే దిగుతుంది. వచ్చినవాళ్లకు వాటిని చూడగానే అందులో తల పెట్టి కేక వేయాలనిపిస్తుందో ఏమో! అట్లా చేసిన ప్రతివాణ్ణీ బువాలియన్ గేటు దగ్గర్నుంచే కేకలేసేది. "తల తియ్యి నాయనా! లోపల పడుకున్నవాళ్లు లేస్తారు!"

"ఎవరు పడుకున్నారు పెద్దమ్మా?" అని టికెట్ల గది వాళ్లు నవ్వేవాళ్లు.

"నాకేం తెలుసు? నేనేమన్నా లోపల పడుకున్నానా?"

పొత్తులు అమ్మడం పగటి పని. ఊరికి ఆమె వల్ల జరిగే అసలు పని ఇంకొకటి ఉంది. మనిషికి ముప్పై రెండు ప్రాణాలు. దడుచుకున్నప్పుడు అందులో ఒకటి జారిపోయి, దడుచుకున్న చోటే ఉండిపోతుంది. ఇక ఆ మనిషి తిన్నది ఒంటికి పట్టదు, పిలిస్తే పలకడు, రోజురోజుకీ పలచబడిపోతాడు. అప్పుడు బువాలియన్‌ని పిలుస్తారు. ఆమె వరిమళ్లలో చిరుచేపలు తోడుకునే వెదురు చట్రపు చేతివల తీసుకుని, ఒక ఉడికించిన గుడ్డు, జిగురన్నం ముద్ద, దడుచుకున్న మనిషి ఒంటి మీది బట్ట ఒకటి అందులో పెట్టుకుని పొద్దు వాలే వేళ అక్కడికి వెళుతుంది. పేరు పెట్టి పిలుస్తూ వలతో గాలిని తోడుతుంది. ప్రాణం తన బట్ట వాసన పట్టి వలలోకి వస్తుంది. వచ్చాక దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా, ఎక్కడా ఆగకుండా ఇంటికి తేవాలి. మెట్ల దగ్గరికి రాగానే లోపలివాళ్లు "వచ్చిందా?" అని అడుగుతారు. ఆమె "వచ్చింది" అంటుంది. రోగి మణికట్టుకు నూలుదారం కట్టి ప్రాణాన్ని ముడి వేస్తుంది. తర్వాత గుడ్డు ఒలిచి చూస్తుంది. తెల్లసొన సొట్ట లేకుండా నిండుగా ఉంటే వచ్చినట్టే.

బావి దగ్గర, వంతెన మీద, శ్మశానం గట్టున, ఎక్కడ దడుచుకున్నా సరే, బువాలియన్ ఒక్కతే పోయి తోడుకొచ్చేది. "నాకు భయం లేదు గనక నా ప్రాణాలు కదలవు. అందుకే ఈ పని నాది" అనేది. అది నిజమేనని అందరూ నమ్మారు. ఆమె కూడా నమ్మింది.

ఆ చలికాలం ఆమె కోడలు మాలై దడుచుకుంది.

మాలై కొండ అవతలి ఊరి పిల్ల. బువాలియన్ కొడుకు సెంగ్‌ఖామ్‌ని పెళ్లాడి వచ్చింది. మైదానంలో యాత్రికులకు దారి చూపే పని చేస్తుంది. ఏ రాళ్ల మధ్య నడవాలో, పేలని బాంబులున్న చోట పెట్టిన ఏ ఎర్ర గుర్తు దాటకూడదో చూపిస్తుంది. మంచి మాటకారి. అత్తకు దీటుగా జవాబు చెప్పగలిగింది ఆ ఊళ్లో ఆ పిల్లొక్కతే. అత్తాకోడళ్లు పొద్దున్నే పోట్లాడుకుని, మధ్యాహ్నం ఒకే వెదురు బుట్టలోంచి అన్నం పీక్కుని తినేవాళ్లు. పెళ్లయిన చాలాకాలానికి ఆమె కడుపుతో ఉంది. అప్పటికి పొట్ట బాగా కనిపిస్తోంది.

ఎవరో విదేశీ కుర్రాడు ఎగిరే కెమెరా తెచ్చాడు. వద్దని చెబుతున్నా వినకుండా చాటుగా ఎగరేశాడు. అది పైన్ చెట్ల వెనక నుంచి ఝుమ్మని కిందికి దూకి మాలై నెత్తి మీదికి వచ్చింది. ఆమె వెనక్కి జరగబోయి పెద్ద జాడీ అంచు మీదికి ఒరిగి, అందులోకి తల వంగి, ఒక్క కేక పెట్టింది. ఆ కేక జాడీలోపలికి పోయింది గానీ తిరిగి రాలేదని పక్కనున్నవాళ్లు చెప్పుకున్నారు.

దెబ్బేమీ తగల్లేదు. ఆసుపత్రిలో చూసి, తల్లీబిడ్డా బాగానే ఉన్నారు, బలానికి తినాలి, విశ్రాంతి కావాలి అన్నారు. తినడమెక్కడిది? మాలై చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం నోట్లో పెడితే అట్లాగే ఉంచుకునేది. సెంగ్‌ఖామ్ వ్యాన్ తోలడం మానేసి ఇంట్లోనే కూర్చున్నాడు.

"అమ్మా, బిడ్డ కదలడం తగ్గిందట. పొద్దున తనే చెయ్యి పెట్టి చూపించింది. మాట మాత్రం అనలేదు."

"ఏడుపు మొహం ఆపు. గుడ్డు ఉడకెయ్. ఇవాళ పొద్దు వాలగానే పోతా."

"నీకేమీ కంగారు లేదా?"

"కంగారు పడితే గుడ్డు తొందరగా ఉడుకుతుందా?"

దండెం మీద మాలై ఆ రోజు కట్టుకున్న లుంగీ ఆరేసి ఉంది. నల్లటి పాత నేత. అంచున ఎర్రటి నాగు చుట్టలు. బువాలియన్ దాన్నే లాగి వలలో వేసుకుంది. అది బువాలియన్ తల్లి నేసిన లుంగీ. పెళ్లప్పుడు కోడలికి ఇచ్చింది. యాత్రికుల ముందు అందంగా ఉంటుందని మాలై పనికి అదే కట్టుకెళ్లేది. దడుచుకున్నప్పుడు ఒంటి మీదున్న బట్ట కావాలి, ఉంది. అంతకు మించి ఆలోచించాల్సిన పని ఆమెకు కనబడలేదు.

పెద్ద జాడీ దగ్గర ఆమె పాట కూనిరాగం తీస్తూనే వల తిప్పింది. "రా తల్లీ, ఇంటికి రా. అన్నం వేడిగా ఉంది. చాప పరిచి ఉంది. రాళ్లలో ఉండకు, నీళ్లలో ఉండకు, రా." జాడీ అడుగున నిలవ నీళ్లున్నాయి. గాలి లేదు. అయినా నీళ్లు ఒక పక్కకు జరిగాయి. వల బరువెక్కింది. ఎప్పుడూ పిచ్చుక వాలినంత బరువే ఉండేది. ఈసారి తడిసిన పిల్లినెవరో వలలో కూర్చోబెట్టినంత బరువు. "ఎంత దడుచుకున్నావే పిచ్చిదానా" అనుకుంది బువాలియన్. అనుకుని వల మూతి మడిచి ఇంటికి నడిచింది.

"వచ్చిందా?"

"వచ్చింది."

దారం కట్టింది. గుడ్డు ఒలిస్తే ఎక్కడా సొట్ట లేదు. మాలై లేచి కూర్చుని ఆ గుడ్డంతా రెండు చేతులతో పట్టుకుని గబగబా తినేసింది. సెంగ్‌ఖామ్ ఏడ్చేశాడు.

మర్నాడు బువాలియన్ లేచేసరికి వంట అయిపోయి ఉంది. ఇంకా వెలుగు రాలేదు. పొయ్యి మీద నీళ్లు చల్లేసి ఉన్నాయి. తడి గోనెసంచితో మాలై చివరి పొగను నేలకేసి అణిచేస్తోంది.

"ఏమిటే ఇది? నిప్పు ఆర్పేశావు, టీకి నీళ్లెట్లా?"

"పొగ పైకి పోతుంది" అంది మాలై గుసగుసగా.

మధ్యాహ్నానికి దండెం సగం ఖాళీగా కనిపించింది. సెంగ్‌ఖామ్ తెల్లచొక్కాలు, తువ్వాళ్లు అన్నీ చాప కింద కుక్కి ఉన్నాయి. రంగు బట్టలు మాత్రం ఎండలో ఉన్నాయి. పెరట్లో తెల్లకోడి బుట్ట కింద అరుస్తోంది. మాలై కనబడలేదు. వెతికితే మెట్ల కింద, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, పొట్ట అడ్డమొస్తుంటే విసుగ్గా దాన్ని పక్కకు తోసుకుంటూ కూర్చుంది.

"కోడిని ఎందుకు మూశావు?"

"తెల్లగా ఉంది కదా. పైనుంచి కనిపిస్తుంది."

సెంగ్‌ఖామ్ నవ్వడానికి ప్రయత్నించాడు. "ఎవరికి కనిపిస్తుందే?"

మాలై వాడి మొహంలోకి చూసింది. మొగుణ్ణి చూసిన చూపు కాదు అది. ఎవరో పెద్దమనిషి ఎదురైతే పిల్లలు చూసే చూపు. తర్వాత తన పొట్ట మీద చెయ్యి వేసి, "ఇదేమిటి ఇట్లా ఉబ్బింది? ఎవరిది ఇది?" అని అడిగింది. అడిగి, పిడికిలితో దాన్ని నొక్కింది. లోపలున్న దేన్నో ఊరుకోమన్నట్టు.

సెంగ్‌ఖామ్ ఆ చేతులు పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ చేతులు వదిలి ఎక్కడికీ పోలేకపోయాడు. నిద్రలో కూడా ఆమె పిడికిళ్లు పొట్ట మీదికే వెళ్లేవి.

వాన పడిన సాయంత్రం బువాలియన్ పెరట్లో పాత బాంబు డొప్పలో మట్టి నింపి వేసిన ఉల్లికాడలు కోస్తోంది. మెట్ల కింద నుంచి మాలై తొంగి చూసి, ఎవరూ వినకుండా అడిగింది. "వాన పడితే దానికి పూసిన మసి కారిపోతుంది కదా? మళ్లీ తెల్లగా అయిపోతుంది కదా?"

బువాలియన్ చేతిలో కత్తి ఆగిపోయింది.

"దేనికే?"

"బాతుపిల్లకి."

ఆ బాతుపిల్ల సంగతి బువాలియన్ జన్మలో ఎవరికీ చెప్పలేదు. మొగుడికి చెప్పలేదు, కొడుక్కి చెప్పలేదు. యుద్ధం రోజుల్లో విమానాలు బాంబులు కురిపిస్తుంటే ఊరివాళ్లంతా కొండగుహలో బతికేవాళ్లు. పగలు నిప్పు రాజేయకూడదు, తెల్లబట్ట కట్టకూడదు. తెల్లగా ఉన్న కోళ్లనూ బాతులనూ పెద్దవాళ్లు మెడ విరిచేవాళ్లు. చిన్నపిల్ల బువాలియన్ తన బాతుపిల్లకు కుండ మసి పూసింది. వాన పడి అది కారిపోయింది. దాన్ని ఎవరి కంటా పడకుండా దాచాలని పట్టపగలు గుహలోంచి పరుగెత్తి మైదానానికి పోయింది. అంతవరకే ఆమెకు గుర్తు. తర్వాత ఏమైందో ఎంత తవ్వుకున్నా ఒక్క ముక్కా వచ్చేది కాదు. ఎందుకు రాదని ఎన్నడూ ఆరా తీయలేదు. ఊరందరి ఆరాలూ తీసిన మనిషి తన ఆరా తీసుకోలేదు.

ఉల్లికాడలు అక్కడే వదిలేసి, ఎదురింటి ఖంఫూయి దగ్గరికి నడిచింది. ఖంఫూయి ఆమెకన్నా కొంచెం పెద్దవాడు, పెళ్లాం పోయినవాడు. రోజూ ఆమె అమ్మగా మిగిలిన పొత్తులు ఉచితంగా తిని, గింజ గట్టిగా ఉందని వంక పెట్టేవాడు. ఆమె ఉన్న గుహలోనే అతనూ పెరిగాడు.

"అన్నా, యుద్ధంలో నేను ఒకసారి మైదానానికి పరిగెత్తానా?"

అతను బుట్ట అల్లడం ఆపాడు. "ఇన్నేళ్లకు అడిగావా? పరిగెత్తావు. విమానం వచ్చింది. నువ్వు పెద్ద జాడీలో దూరావు. అది పోయాక నీ జుట్టు పట్టి బయటికి లాగింది నేనే."

"ఏడ్చానా?"

"లేదు." అతను మళ్లీ బుట్ట అందుకున్నాడు. "నవ్వావు. 'ఆకలేస్తోంది' అన్నావు. నీ చుట్టూ నేల ఇంకా పొగలు కక్కుతోంది, నువ్వు ఆ గుంటల్లోకి వంగి లోపలేముందో చూస్తున్నావు. నాకు విమానం కన్నా నిన్ను చూస్తేనే ఎక్కువ భయమేసింది."

"నాకు వల ఎవరూ వేయలేదా?"

"ఎవరు వేస్తారు చెల్లీ? అందరం దడుచుకునే ఉన్నాం కదా. ఎవరికని వేస్తారు?"

బువాలియన్ ఇంటికి వచ్చి ఆ నల్ల లుంగీ అంచు చేత్తో తడిమింది. ఎర్రటి నాగు చుట్టలు. గుహలో తల్లి దాంతోనే ఆమెను చుట్టి పడుకోబెట్టేది. ఆ రోజుల నుంచి ఆ ఇంట మిగిలిన బట్ట అదొక్కటే. అది కోడలి బట్ట అనుకుని వలలో వేసింది. జాడీలో ఇద్దరున్నారు. కోడలి ప్రాణం నిన్నగాక మొన్న పడింది. దాని కిందెక్కడో, నీళ్ల అడుగున, ఇంకొకటి ఇన్నేళ్లుగా ఆ వాసన కోసమే చూస్తూ కూర్చుంది. అమ్మ బట్ట కనబడగానే అదే ముందు ఎగబాకింది.

అదెవరో ఇప్పుడు తెలిసింది. తన చేతులతో తనే దాన్ని కడుపుతో ఉన్న పిల్ల మణికట్టుకు ముడి వేసింది.

"అమ్మా, ఏమైంది? ఎందుకట్లా నిలబడ్డావు?" అన్నాడు సెంగ్‌ఖామ్.

"నీ పెళ్లాం ఇంకా జాడీలోనే ఉందిరా. ఇంట్లో ఉన్నది నేను."

వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి కొంత సేపు పట్టింది. చెప్పాక వాడు అడిగింది ఒక్కటే. "అయితే బిడ్డో?"

"అందుకే ఇవాళే కావాలి. తల్లీబిడ్డల ప్రాణాలు రెండూ ఆ పిల్ల ఒంట్లోనే ఉండాలి, అక్కడ నాది ఉండకూడదు. ఆ రోజు పైన వేసుకున్న ఊదా స్వెటర్ ఎక్కడుంది? పుట్టింటి నుంచి తెచ్చుకుందే, మోచేతుల దగ్గర చిరిగింది, నేను పారేయమంటే నా మీద విరుచుకుపడిందే, అదీ."

కట్టిన దారాన్ని కత్తితో కోయకూడదు. ముడి విప్పాలి. పొద్దు పైన్ చెట్ల మీదికి వాలుతుండగా బువాలియన్ మెట్ల కింద నేల మీద కూర్చుంది. మాలై చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. చిన్నప్పుడు తల్లి తనను పిలిచిన పిలుపు గుర్తు చేసుకుంది. ఆ పిలుపుతో ఆమెను పిలిచినవాళ్లు ఇప్పుడెవరూ బతికి లేరు.

"చిట్టెలుకా."

మాలై ఒళ్లు గగుర్పొడవడం చెయ్యి మీదే కనిపించింది. "అమ్మ పంపిందా?"

"ఆ. రమ్మంది. ఈ ఇల్లు నీది కాదమ్మా. నీ ఇల్లు ఇదిగో, ఇక్కడుంది. ముసలిదైపోయింది, అంతే."

"విమానం వెళ్లిపోయిందా?"

"వెళ్లిపోయింది."

"నిజంగా? నువ్వు బయటికి వెళ్లి చూశావా?"

"చూశాను. అంతా తిరిగి చూశాను. అన్నిచోట్లా వంగి చూశాను. లేదు."

ముడి వదులైంది. బువాలియన్ ఆ దారాన్ని పళ్లతో పట్టి తన మణికట్టుకు బిగించుకుంది. మాలై చెయ్యి జారి కింద పడింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ వాటి వెనక ఎవరూ లేరు. దీపం తీసేసిన గది కిటికీలా ఉన్నాయి.

బువాలియన్ లేవబోయింది. లేవలేకపోయింది.

మొదట మోకాళ్లలోకి వచ్చింది. తర్వాత కడుపులోకి. ఏమిటో తెలియలేదు. జ్వరమేమో అనుకుంది. అప్పుడు పెరట్లో రేకు గాలికి టపామని కొట్టుకుంది. ఆమె రెండు చేతులూ తల మీద పెట్టుకుని నేలకు అతుక్కుపోయింది. ఆ పరుగు, ఆ వేడి, మసి కారిన చేతుల్లో గుండె కొట్టుకుంటున్న బాతుపిల్ల, మీదికి దూకుతున్న ఆ మోత, జాడీ లోపలి చీకటి, ఇన్నేళ్లు రానిదంతా ఒక్కసారే వచ్చింది.

"అమ్మా!" సెంగ్‌ఖామ్ భుజం పట్టుకున్నాడు.

"ఇదా!" అంది ఆమె, పళ్లు కొట్టుకుంటుంటే. "మీకందరికీ ఇట్లా ఉంటుందా? ఇది పెట్టుకుని ఎట్లా బతుకుతున్నార్రా మీరు?"

వీధిలో అప్పటికే పొగమంచు మోకాలెత్తు వచ్చింది. మామూలుగా అయితే ఆమె అందులో ఈల వేసుకుంటూ పోయేది. ఇప్పుడు వాకిలి దాటాలంటే కాలు ఆడడం లేదు. ప్రాణం తోడే మనిషి తప్ప ఇంకెవరూ గేటు దాటి లోపలికి పోకూడదు. ఇంటి మనిషి ఇంట్లోనే ఉండి "వచ్చిందా" అని అడగాలి. కొడుకును తీసుకుపోవడానికి లేదు. జాడీలో మాలై ప్రాణం ఇంకెంతసేపు పట్టుకుని వేలాడుతుందో తెలియదు. తన ప్రాణం పైకి వచ్చేశాక కింద చోటు ఖాళీ అయింది, మాలైది ఇంకా లోతుకు జారిపోవచ్చు.

ఖంఫూయి తన వాకిట్లోంచి అంతా చూస్తున్నాడు. కర్ర తీసుకుని వచ్చాడు.

"గేటు దాకా నేనొస్తా. లోపలికి పోయాక నేను గట్టిగా తిడుతూ ఉంటా. తిట్టు వినబడుతున్నంతసేపు నేనున్నట్టు లెక్క."

"నువ్వు తిట్టగలవా నన్ను?"

"పొత్తుల గురించి ఒక్కటి చాలదా?"

గేటు దాటి ఆమె నడిచింది. జాడీలు మంచులో ఒక్కొక్కటే కనబడుతున్నాయి. కనబడుతున్నాయంటే, ఆమె నడుస్తుంటే అవి తలలు తిప్పుతున్నట్టుంది. ఇన్నేళ్లు రోజూ చూసిన జాడీలు. వెనక నుంచి ఖంఫూయి గొంతు వినిపిస్తూనే ఉంది. "ఉడకని పొత్తులమ్మే దొంగా! ఊరందరి కుండల్లో మూతి పెట్టేదానా! నా పళ్లు ఊడింది నీ గింజల వల్లే!" ఆమె ఆ తిట్లను తాడులా పట్టుకుని పెద్ద జాడీ దాకా వెళ్లింది.

వంగి చూడాలి. వంగడం ఆమెకు చేతకాలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, వలను మాత్రం అంచు మీదుగా లోపలికి దించింది. ఊదా స్వెటర్ చెయ్యి నీళ్లకు తగిలింది.

"మాలై, రావే. ఇంటికి రా. అన్నం వేడిగా ఉంది. వాడు ఏడుస్తున్నాడు, చూడలేకపోతున్నా. నువ్వు లేకపోతే నాతో పోట్లాడేదెవరే? రాళ్లలో ఉండకు, నీళ్లలో ఉండకు..."

నీళ్లు జరిగాయి. వల మీద పిచ్చుక వాలినంత బరువు పడింది. వెంటనే దాని వెనక, లోతు నుంచి, ఇంకొన్ని ఊపిర్లు వినిపించాయి. ఒకటి కాదు. జాడీ అంచు నిండా. వాటిలో కొన్ని ఆమెకు తెలిసిన గొంతులు. గుహలో పక్కన పడుకున్నవాళ్లు. పెద్దై, పెళ్లాడి, ముసలివాళ్లై, పోయినవాళ్లు. ఇంకా ఊళ్లోనే ఉన్నవాళ్లు కూడా. వాటిలో ఒకటి గేటు దగ్గర తిడుతున్న గొంతే, కాకపోతే చిన్నప్పటిది, "మరి నేను?" అంది.

వల నిండాక మాట్లాడకూడదు. బువాలియన్ మూతి మడిచి గుండెకు హత్తుకుంది. వెనక్కి తిరిగింది. కాళ్లు పరుగెత్తమంటున్నాయి. పరుగెత్తితే వల ఊగుతుంది. ఆమె మెల్లగా నడిచింది. ఏడుస్తూ నడిచింది. గేటు దగ్గర ఖంఫూయి తిట్టడం ఆపి ఆమె మొహం చూశాడు. ఏమీ అడగలేదు. అడగకూడదని అతనికి తెలుసు. ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. అట్లాగే ఇల్లు చేరారు.

"వచ్చిందా?" లోపల నుంచి సెంగ్‌ఖామ్ అడిగాడు.

"వచ్చింది."

దారం కట్టింది. ముడి వంకరపోయింది. గుడ్డు ఒలిచింది. నున్నగా, నిండుగా ఉంది. అయినా ఈసారి గుడ్డును నమ్మలేదు. మాలై మొహంలోకి చూస్తూ కూర్చుంది.

చాలాసేపటికి మాలై కనురెప్పలు ఆడాయి. ముక్కు ఎగబీల్చింది.

"అత్తయ్యా, పచ్చట్లో పులిసిన చేప మళ్లీ ఎక్కువేశావు. ఇంతదూరం కంపు." పొట్ట మీద చెయ్యి వేసుకుని పెదవి విరిచింది. "అబ్బ, తంతున్నాడు. ఆగరా, నేనూ ఆకలితోనే ఉన్నా."

సెంగ్‌ఖామ్ ఈసారి ఏడవలేదు. పరుగెత్తి అన్నం బుట్ట తెచ్చాడు. బువాలియన్ మాత్రం గోడకు జారగిలి, కోడలు తిడుతున్నంతసేపూ ఆ తిట్లు వింటూనే ఉంది.

వానలు మొదలయ్యే ముందు ఆడపిల్ల పుట్టింది. ఖంఫూయి చూడడానికి వచ్చి, ఉయ్యాల పక్కన కూర్చుని అడిగాడు. "ఆ రోజు లోపల... నాదేమైనా వినిపించిందా?"

బువాలియన్ అబద్ధం చెప్పలేకపోయింది. "నీ చిన్నప్పటి బట్ట ఒక్కటైనా ఉందా అన్నా?"

"ఎక్కడిది? అన్నీ కాలిపోలేదూ?"

అప్పటి నుంచి అతను సాయంత్రాలు ఆమె బండి సర్దుకునేదాకా గేటు దగ్గరే నిలబడి, పొత్తులు గట్టిగా ఉన్నాయని తిడుతూ ఆమెను ఇంటిదాకా దిగబెడతాడు. మైదానం వైపు మాత్రం ఇద్దరిలో ఎవరూ తల తిప్పరు.

బువాలియన్ ఇప్పుడు పామును చూస్తే కేక పెడుతుంది. విదేశీయులను ఇంకా ఆరా తీస్తుంది గానీ వాళ్ల చేతిలో కెమెరా పెట్టె చూస్తే పొత్తు ఇచ్చి తొందరగా పంపేస్తుంది. పట్నం నుంచి వచ్చే విమానం ఊరి మీదుగా పోతే, ఎక్కడున్నా లేచి పెరట్లోకి పరుగెత్తి, దండెం మీది పాప తెల్లగుడ్డలు లాగి ఒళ్లో కుక్కుకుని మెట్ల కింద కూర్చుంటుంది. మోత పోయాక సిగ్గుపడుతూ వాటిని తెచ్చి మళ్లీ ఆరేస్తుంది.

మాలై కొన్నాళ్లు చూసింది. ఒకరోజు పొద్దున పెద్ద కుండలో నీలిమందు కలిపింది. పాప గుడ్డలు, మొగుడి చొక్కాలు, తువ్వాళ్లు, ఇంట్లో తెల్లగా ఉన్నదల్లా అందులో ముంచింది.

"కొత్త చొక్కానే అది!" అని సెంగ్‌ఖామ్ గొల్లుమన్నాడు.

"నీలం నీకు బాగుంటుంది" అంది మాలై, మోచేతుల దాకా నీలంగా ఉన్న చేతులతో బట్టలు పిండుతూ. తర్వాత మెట్ల వైపు తిరిగి గొంతు పెంచింది. "అత్తయ్యా! తెల్లకోడిని మాత్రం నేను ముంచను. అది మీ పని."